అటకెక్కిన యంత్రములు

వంటగది అటకకు ఒక ధర్మము కలదు. ఏడాదికొకమారు పనికివచ్చు వస్తువులు దానిపై నుండవలెను. వేసవిలో ఆవకాయ జాడీలు, సంక్రాంతికి జంతికల గొట్టము, అరిసెల చెక్కలు, శుభకార్యమునకు గుండిగలు, గంగాళములు దిగివచ్చి, పని తీర్చి, కడిగించుకొని, తుడిపించుకొని మరల మీదికి పోయెడివి. నేడు పట్టణములలోని మధ్యతరగతి యింటి అటకపై ఎక్కుటయే గాని దిగుట యెరుగని వస్తువులు చేరుచున్నవి. అట్టపెట్టెలో, తెల్లని థర్మోకోలు దిమ్మల నడుమ, కొన్ననాటి బిల్లుతో సహా, చపాతీలు చేయు విద్యుద్యంత్రము నిద్రించుచుండును. దాని ప్రక్కన గ్రుడ్లుడికించు పరికరము, దానిపై రొట్టెముక్కలు కాల్చునది, ఆ వెనుక కూరగాయలు తరుగునది, పండ్లరసము తీయునది. వీనిలో కొన్నింటికి నెలవాయిదాలు తీరకముందే అటకవాసము ప్రాప్తించినది.

చపాతీ యంత్రపు చరిత్ర ఇంచుమించు ప్రతి యింటను ఒక్కటే. మొదటి ఆదివారము ఇంటిల్లిపాదియు దానిచుట్టు మూగుదురు. పిడికెడు పిండిముద్ద పెట్టి మూత నొక్కగనే గుండ్రని చపాతి వచ్చును; పిల్లలు చప్పట్లు కొట్టుదురు. రెండవ వారమునకు రహస్యము బయటపడును. ఆ యంత్రమునకు పిండి మామూలుకంటె మెత్తగా నుండవలెను. కలిపి కొంతసేపు నాననీయవలెను. ఒత్తిడి కొంచెము ఎక్కువైన అంచులు చీలును, తక్కువైన మందముగ వచ్చును. క్షణము ఆలస్యమైన అప్పడమగును. చేయి తిరిగిన ఇల్లాలు ఆ సమయములో పీటమీద నాలుగు చపాతీలు వత్తి పెనముమీద వేయగలదు. మూడవ నెలలో యంత్రము పెట్టెలోనికి పోవును. అప్పుడు ఇంటి యజమాని, “కొన్నవేవీ వాడవు గదా!” యని భార్యను నిందించును. యంత్రము కొన్నది ఆయనయే యైనను నింద ఆమెకే చెందును.

ఒక్క పనికి మాత్రమే పనికివచ్చు యంత్రము నిత్యపు వంటకు అవసరమా యను ప్రశ్న చిన్నదిగా తోచును. కాని నెలజీతముతో కాలము గడుపు కుటుంబములకు ఇది చిన్న ప్రశ్న కాదు. ఇందులో ధనము కలదు. ఇరుకు వంటగదిలోని జానెడు గట్టు కలదు. అన్నిటికంటె ముఖ్యముగ ఒక మనిషి కాలము కలదు. దీనికి సమాధానము చెప్పువారు సాధారణముగ రెండు పక్షములవారు. మొదటి పక్షమువారు రోటిపచ్చడి రుచిని తలచుకొని నిట్టూర్చి, యంత్రములన్నియు సోమరుల కొరకే పుట్టినవని తీర్పు చెప్పుదురు. రెండవ పక్షమువారు ప్రకటనలో చూచిన ప్రతి వస్తువును ఇంటికి తెత్తురు. ఇరువురును ఒక విషయమును మరచుచున్నారు.

అదేమనగా, పాతకాలపు తెలుగు వంటిల్లు ప్రత్యేక పరికరములకు పుట్టినిల్లు. ఒక్కొక్క పనికి ఒక్కొక్క సాధనము, ఒక్కొక్క సాధనమునకు ఒక్కొక్క క్రియ. రోటిలో దంచుదురు. రుబ్బురోటిలో రుబ్బుదురు. సన్నికల్లుపై నూరుదురు. తిరుగలిలో విసరుదురు. కవ్వముతో చిలుకుదురు. కోరాముపై కొబ్బరి కోరుదురు. కత్తిపీటపై కూరలు తరుగుదురు. చేటతో చెరుగుదురు, జల్లెడతో జల్లింతురు. దంచుటకు, నూరుటకు, రుబ్బుటకు, విసరుటకు గల భేదము ఆనాటి పదేండ్ల బాలికకును తెలియును. ఎండుమిరపకాయలను విసరుమనిన ఆమె నవ్వును, పెసలను నూరుమనినను నవ్వును. నేడు ఈ క్రియలు పెక్కు ఒక్క క్రియలో లీనమైనవి. “మిక్సీ పట్టుట” అను మాట వచ్చినది. ఈ “పట్టుట” పిండిమరనుండి వచ్చినట్లున్నది. మరకు పోయి పిండి పట్టించుట అలవాటైన నోరు, మిక్సీకిని అదే క్రియను తగిలించినది. తెలుగు పాఠము చెప్పువారు తరగతిలో ఈ క్రియల పట్టికను నల్లబల్లపై వ్రాసి, ఎవరి యింట ఏ సాధనము మిగిలియున్నదో పిల్లలనడిగినచో ఒక గంట సార్థకమగును.

ఇవిగాక వంటకమునకొక పరికరము కలదు. రాయలసీమలో గుంతపొంగనాల పెనము వేరు, అట్లపెనము వేరు. జంతికల గొట్టమునకు బిళ్ళలు వేరువేరు. కారప్పూసకొకటి, చేగోడీలకు చేయియే గొట్టము. కావున ప్రత్యేక పరికరమే వ్యసనమనుట చరిత్ర తెలియని మాట. అయితే ఆనాటి పరికరములకును నేటివానికిని భేదములు లేకపోలేదు. రాతిరోలు మూడు తరములు నిలిచెడిది. అరిగిన తిరుగలికి కక్కు కొట్టువారు వీథిలోనికే వచ్చి, గడపలో కూర్చుండి, ఉలితో గంట్లు పెట్టి పోయెడివారు. ఆ రాయి విరిగిన దాఖలాలు తక్కువ. విడిభాగము దొరకలేదని మూలబడిన సందర్భము లేదు. ఇది పొగడదగినదే.

కాని ఆ సాధనములన్నిటికిని మోటారు ఒక్కటే. అది ఇల్లాలి భుజము. ఈ మాటను మొదటి పక్షమువారు చెప్పరు. తిరుగలి పాటలు, రోకటి పాటలు తెలుగు జానపద వాఙ్మయమునకు అలంకారములని సాహిత్య సభలలో చెప్పుదురు; నిజమే. ఆ పాటలెందుకు పుట్టినవో ఆలోచింపవలెను. నాలుగు గింజలు విసరుటకు పాట అక్కరలేదు. తెల్లవారుజామున లేచి, కునికిపాట్లు పడుచు, ఎడతెగక చేయవలసిన చాకిరిని మరచుటకు పాట కావలసివచ్చినది. ఇంట రోటిపచ్చడి రుచిని గూర్చి ఉపన్యసించు పెద్దమనుష్యులలో రోకలి పట్టినవారెందరు? రోలు వెళ్ళి మద్దెలతో మొరపెట్టుకొన్నదని సామెత. మొరపెట్టుకొనవలసినది రోలు కాదు, రోటి ముందు కూర్చున్న మనిషి.

రుచిభేదము మాత్రము కల్పన కాదు. రోకలిపోటుకు గోంగూరయు పచ్చిమిరపయు నలుగును. మిక్సీ బ్లేడునకు అవి తెగును. నలిగినదానిలో నార నిలిచి, రసము వెలికి వచ్చి, నాలుకకు పలుకు తగులును. తెగినది ముద్దయగును. పైగా మిక్సీ బ్లేడు నిమిషమునకు వేలకొలది చుట్లు తిరుగును. ఆ వేగమునకు వేడి పుట్టును. అందువలననే మినపపిండి మిక్సీలో వేడెక్కునని, రాతి గ్రైండరులో నెమ్మదిగా తిరిగి చల్లగానుండి, గాలి పట్టి, పొంగునని అనుభవజ్ఞులు చెప్పుదురు. గారెలపిండిని ఈ రెండింటిలోను రుబ్బి చూచినవారికి వేరే సాక్ష్యము అవసరము లేదు.

ఈ రెండు యంత్రములును ఈ దేశపు వంటను ఎరిగి పుట్టినవి. వెట్ గ్రైండరునకు జన్మస్థానము కోయంబత్తూరు. 1955లో సభాపతి యను ఆయన దానిని నిర్మించెనని ప్రసిద్ధి. రుబ్బురోటిలో పొత్రము తిరుగును, రోలు కదలదు. ఆ యంత్రములో రోలు తిరుగును, పొత్రము నిలిచియుండును. మార్పు ఇంతమాత్రమే, కాని ఎన్ని భుజముల నొప్పి తీరినదో! అనంతరము కోయంబత్తూరు వెట్ గ్రైండరునకు భౌగోళిక గుర్తింపు సైతము లభించినది. మిక్సీ కథ మరియొకటి. సత్యప్రకాశ్ మాథుర్ అను ఇంజనీరు ఇంట జర్మనీనుండి వచ్చిన యంత్రమొకటి ఉండెడిది. అది పాశ్చాత్యుల మెత్తని పదార్థములను కలుపుటకు పుట్టినది. పసుపుకొమ్ములకు, నానిన పప్పులకు తట్టుకొనలేక చెడిపోయినది. ఆయన ఈ దేశపు వంటింటికి తగిన మోటారుతో 1963లో సుమీత్ మిక్సీని తెచ్చెను. ఇంట వంట చేయు భార్య మాధురి మాథుర్ కష్టమే ఆ పరిశ్రమకు మూలము. యంత్రము ఏ వంటను చూచి పుట్టినదను ప్రశ్నను కొనుబోవువారు తప్పక వేసికొనవలెను.

ఇచ్చట తెలుగువారు గమనింపవలసిన సూక్ష్మము ఒకటి కలదు. అరవదేశమున ఇడ్లీకి బియ్యమును మినపప్పును రెండింటిని రుబ్బుదురు. ఆంధ్రమున పెక్కు ఇండ్లలో మినపప్పు మాత్రమే రుబ్బి, ఇడ్లీరవ్వను నానబెట్టి, పిండి కలుపుదురు. రుబ్బవలసిన భారము సగమునకు పైగా తగ్గినది. కాబట్టి నలుగురున్న కుటుంబము వారమునకొకమారు ఇడ్లీ వండుకొనుటకు పెద్ద గ్రైండరు కొనుట అవసరమా యని ఆలోచింపవచ్చును. అట్లు, పెసరట్లు, గారెలు తరచుగా వండు ఇంట అది మూలబడదు. ఇడ్లీకొరకే యనినచో మిక్సీతో, కొంచెము చల్లని నీటితో, పని గడచును. పొరుగువారి యవసరమును తన యవసరముగా భావించి కొనుటవలననే సగము వస్తువులు అటకెక్కినవి.

ప్రెషర్ కుక్కరును అటకపై చూచినవారు లేరు. ఎందుకు? దానిని ఒక వంటకమునకై ఎవరును కొనలేదు. పప్పు, అన్నము, దుంపలు, సెనగలు, ముద్దపప్పునకు కందిపప్పు, పసిబిడ్డకు గుజ్జన్నము, అన్నిటికిని అదియే. ఫ్రెంచి దేశీయుడైన డెనిస్ పాపిన్ 1679లో లండనులో దీని పూర్వరూపమును నిర్మించెను; గట్టి ఎముకలను మెత్తబరచుట ఆయన ఉద్దేశము. పాత్ర ప్రేలకుండ ఆవిరి తప్పించుకొను రక్షణ కవాటమును అమర్చినది సైతము ఆయనయే. సామాన్యపు గిన్నెలో నీరు 100 డిగ్రీలకు మరగును. ఎంత మంట పెట్టినను అంతకు మించదు, మంట వృథా యగును. మూత బిగించి ఆవిరిని నిలిపినచో ఒత్తిడి పెరిగి, నీరు 120 డిగ్రీల దగ్గర గాని మరగదు. పది డిగ్రీల వేడి పెరిగిన రసాయనక్రియ స్థూలముగా రెట్టింపు వేగమందుకొనునని విజ్ఞానశాస్త్రపు ఉపాధ్యాయులు చెప్పుదురు. ఇరువది డిగ్రీలకు నాలుగింతలు. గంటసేపు ఉడకవలసిన పప్పు మూడు నాలుగు కూతలలో ఉడుకుటకు కారణమిది. భారతదేశమున 1959 ప్రాంతమున కుక్కర్ల తయారీ ఊపందుకొన్నది. 2021 ఫిబ్రవరినుండి ఐ.ఎస్.ఐ. గుర్తు లేని కుక్కరు అమ్మరాదని నిబంధన వచ్చినది; చవుకగా వచ్చినదని గుర్తులేనిదానిని తెచ్చుట ఆవిరితో చెలగాటమాడుటయే.

విద్యుత్తుతో అన్నము వండు పాత్ర కథ ఇంకను చెప్పదగినది. జపానులో 1955 డిసెంబరులో తోషిబా సంస్థ దానిని విపణిలోనికి తెచ్చెను. దానిని రూపొందించిన మినామీ యోషితాద చిన్న కార్ఖానా యజమాని. అన్నము ఎట్టి బియ్యముతో, ఎంత నీటితో, ఏ వాతావరణములో ఎట్లు కుదురునో పరీక్షించి, లెక్కలు వ్రాసి, ఓపికతో మరల మరల వండినది ఆయన భార్య ఫుమికో. లోపలిపాత్రలో బియ్యము, వెలుపలిపాత్రలో కొలిచి పోసిన నీరు. ఆ నీరు ఇరువది నిమిషములలో ఆవిరియై పోయిన వెంటనే వేడి నూరు డిగ్రీలు దాటును. ఆ వేడికి లోహపుపట్టీ వంగి విద్యుత్తు నిలిచిపోవును. నీరున్నంతవరకు నూరు డిగ్రీలు దాటదను చిన్న సూత్రముపై ఇంత యంత్రము నిలిచినది! తరగతిలో మరుగుస్థానము బోధించుటకు దీనికంటె మంచి ఉదాహరణము దొరకదు.

అయినను ఇది తెలుగింటికి తప్పనిసరియా? గ్యాసుపొయ్యి, కుక్కరు ఉన్న ఇంట కాదు. గంజి వార్చి తినువారికి అసలే కాదు. కాని పరాయి ఊర ఒంటిగదిలో నుండి ఉద్యోగము చేయు యువకునకు, పొయ్యి వెలిగించి వదలి పోజాలని వృద్ధురాలికి అది వరము. అమెరికాకు చదువుకొనబోవు తెలుగు పిల్లల పెట్టెలలో ఆవకాయ సీసా ప్రక్కన కుక్కరు తప్పక ఉండును. తల్లులు సర్దు ఆ పెట్టెలో చపాతీ యంత్రము కనబడదు. బరువు లెక్కగట్టి సర్దునప్పుడు మనిషికి అవసరమును అలంకారమును విడదీయు శక్తి దానంతట వచ్చును కాబోలు.

ఎయిర్ ఫ్రయ్యర్ అను కొత్త వస్తువు 2010 నుండి ప్రపంచపు విపణిలో ప్రసిద్ధి కెక్కినది. పేరులో వేపుడున్నది గాని లోపల జరుగునది వేపుడు కాదు. వేడిగాలిని పంకాతో విసరు చిన్న పొయ్యి యది. నూనె తగ్గింపవలసినదని వైద్యుడు చెప్పిన ఇంట దుంపలు, అప్పడములు, చేపముక్కలు కాల్చుకొనుటకు దానిని నిత్యము వాడువారు లేకపోలేదు. వారికి అది దండుగ కాదు. కాని గారెపిండి జారుడు. తీగగొలుసు బుట్టలో వేసిన గారె గారె కాదు. పునుగులకును అదే గతి. ఏ వంటను చూచి పుట్టినదను పాతప్రశ్న ఇచ్చట మరల ఎదురగును.

విద్యుత్తు ఖర్చును గూర్చి భయము ఎక్కువ, లెక్క తక్కువ. 750 వాట్ల మిక్సీ దినమునకు ఆరు నిమిషములు తిరిగినచో 75 వాట్ గంటలు. అనగా యూనిట్టులో పదమూడవ వంతు. 1500 వాట్ల వేడిగాలిపొయ్యి ఇరువది నిమిషములు మండినచో అర యూనిట్టు. తిరుగు యంత్రముకంటె వేడియిచ్చు యంత్రమునకు విద్యుత్తెక్కువ. ఐదవ తరగతి బాలుడైనను చేయగల గుణకారము ఇది. ఎవరును లెక్కింపని ఖర్చు కడుగుట. అరచేయి మిరపకాయల కారము నూరి, నాలుగు బ్లేడుల సందులలో చిక్కిన ముద్దను పుల్లతో తీసి, మూతను, రబ్బరుచుట్టును, గిన్నెను తోమి ఆరబెట్టుటకు పట్టు కాలమును ఏ ప్రకటనయు చెప్పదు. పండ్లరసపు యంత్రములోని జల్లెడను కడిగినవారెవరైనను రెండవమారు కమలాపండు వలిచి తినుటయే మేలని నిశ్చయింతురు. పనిలో మిగిలిన కాలముకంటె కడుగుటలో పోయిన కాలము ఎక్కువైన యంత్రము ఎంత చవుకయైనను ఖరీదైనదే.

పూర్వులు ఈ చిక్కును మరియొక మార్గమున విప్పిరి. పూతరేకులు చేయు కుండను చూడుడు. ఆత్రేయపురములో కుండను బోర్లించి, అడుగున మంట పెట్టి, పలుచని బియ్యపుపిండి నీటిలో ముంచిన గుడ్డను దానిపై లాగుదురు; క్షణములో కాగితమువంటి రేకు లేచును. ఇంతకంటె ప్రత్యేకమైన వంటపరికరము తెలుగునాట లేదు. దానితో ఇంకేమియు వండరాదు. కాని ఆ కుండను ఇంటింట కొనిపెట్టుకొనవలెనని ఎవరును అనుకొనలేదు. దినమంతయు రేకులు తీయు చేతులున్న ఊర అది యున్నది. కావలసినవారు రేకులు కొని తెచ్చుకొందురు. 2023లో ఆత్రేయపురపు పూతరేకులకు భౌగోళిక గుర్తింపు వచ్చినది. ఒక్క పనికి పుట్టిన సాధనము ఆ పనియే వృత్తియైనవారి చేతిలో నుండుట న్యాయము.

పిండిమర సంగతియు నంతియే. తెలుగుపల్లెలలో తిరుగలి మూలబడినది ఇంటింట యంత్రము వచ్చుటవలన కాదు. ఊరికొక మర వచ్చుటవలన. తలపై డబ్బా పెట్టుకొని పోయి, వరుసలో నిలిచి, వెచ్చని పిండిని పట్టించి తెచ్చుకొనిరి. యంత్రము ఒకరిది, ప్రయోజనము ఊరందరిది. ఇప్పుడు ఇంటిలోనే పెట్టుకొనుటకు చిన్న పిండిమరలు అమ్మకమునకు వచ్చుచున్నవి. నెలకు ఐదు కిలోల గోధుమపిండి వాడు ఇంటికి అది ఏనుగును కట్టివేయుటవంటిది. జొన్నలు, రాగులు, సజ్జలు తమకు నచ్చినట్లు పట్టుకొని నిత్యము తిను పెద్ద కుటుంబమునకు మాట వేరు.

ఇన్ని చెప్పినను, అసలు ప్రశ్న యంత్రమును గూర్చి కాదేమో యను సందేహము కలుగక మానదు. 2019లో జాతీయ గణాంక కార్యాలయము ప్రజల కాలవినియోగమును సర్వే చేసెను. జీతములేని ఇంటిపనిలో పాల్గొన్న స్త్రీలు దినమునకు సగటున 299 నిమిషములు దానికి వెచ్చించుచున్నారు. పాల్గొన్న పురుషులు 97 నిమిషములు. 2024 సర్వేలో ఆ సంఖ్యలు 289, 88. ఐదేండ్లలో ఎన్ని కొత్త యంత్రములు ఇండ్లలోనికి వచ్చినవి! స్త్రీకి దక్కినది పది నిమిషములు. అదే కాలములో పురుషుడును తన పనిలో తొమ్మిది నిమిషములు తగ్గించుకొన్నాడు.

అమెరికాలో ఇదే విషయమును రూత్ ష్వార్ట్స్ కవన్ అను చరిత్రకారిణి 1983లో వెలువరించిన “మోర్ వర్క్ ఫర్ మదర్” గ్రంథములో చర్చించెను. ఇనుపపొయ్యి వచ్చిన తరువాత కట్టెలు కొట్టు పని తగ్గినది. ఆ పని మగవారిది. పొయ్యిపై ఒకేమారు నాలుగు వంటకములు వండు వీలు కలిగినది. ఆ పని ఆడువారిది. యంత్రము పనిని తగ్గించినచోట సైతము కోరిక పెరిగి ఆ ఖాళీని పూరించినది. ఈ చరిత్ర దూరదేశపుదైనను తెలుగింట వినబడు మాటలకు దగ్గరగా నున్నది. మిక్సీ లేని దినములలో వారమునకొక పచ్చడి చాలును, మిక్సీ వచ్చిన పిదప, “నిముషపు పనియే గదా, కొబ్బరిపచ్చడి కూడ చేయరాదా?” అనుదురు. గ్రైండరు వచ్చిన పిదప ఆదివారమునాడు అతిథులకు గారెలు తప్పవు. నిముషపు పనులు పది చేరి గంట యగుచున్నది. ఆ గంటలో ఒక బాలిక చదువుకొనవచ్చును. ఒక ఉపాధ్యాయిని మరునాటి పాఠము చూచుకొనవచ్చును. ఊరక కూర్చుండవచ్చును గూడ.

దీనికి తిరుగుసమాధానముగా యంత్రములే వద్దనువారు 1999లో ఉమ్మడి ఆంధ్రప్రదేశమున దీపము పథకము క్రింద గ్యాసు కనెక్షన్లు వచ్చిన ఇండ్లలోని వృద్ధస్త్రీలను అడుగవలెను. పొయ్యిగొట్టముతో ఊది ఊది ఎర్రబడిన కన్నులు వారివి. గ్యాసుపొయ్యి ప్రత్యేక యంత్రము కాదు. అన్ని వంటలకును ఆధారము. 2011లో తమిళనాడు ప్రభుత్వము ఉచితముగా పంచుటకు ఎంచిన వస్తువులు మిక్సీ, గ్రైండరు, విద్యుత్పంకా. ఓట్లకొరకే యని విమర్శించినవారు కలరు. ఉచితముల మంచిచెడ్డలు అటుండగా, ఆ జాబితా వ్రాసినవారెవరో వంటింటిని ఎరిగినవారని ఒప్పుకొనవలెను. పంచినది రుబ్బు పనిని తీర్చు యంత్రములను గాని, గ్రుడ్లుడికించు పరికరమును కాదు.

కావున దినదినము చేయక తప్పని, పెక్కు వంటలకు సాధారణమైన, ఒంటికి శ్రమ కలిగించు పనిని తీర్చు యంత్రమునకు అప్పుచేసియైనను స్థానమీయవచ్చును. ఒక్క వంటకమునకై, పండుగకొకమారు అవసరమగు దానిని పొరుగింట అడిగి తెచ్చుకొనుట నామోషీ కాదు. తెలుగువారి ఇత్తడిగిన్నెలపై, స్టీలుగిన్నెలపై పేర్లు చెక్కించు ఆచారమునకు కారణమేమి? ఆ గిన్నె ఇల్లు దాటి పోవును, మరల రావలెను. జంతికల గొట్టమొకటి పండుగ వారములో వీథివీథియు తిరిగి, ఎవరి పేరు చెక్కియున్నదో వారి గడపకు చేరెడిది; వచ్చునప్పుడు లోపల నాలుగు జంతికలుండెడివి. నేటి యంత్రములపై తయారుచేసినవారి పేరే గాని కొన్నవారి పేరు లేదు. బహుమండపాల అపార్టుమెంటులో ఇరువది కాపురములుండగా ఇరువది చపాతీ యంత్రములు ఇరువది అటకలపై నిద్రించుచున్నవి. ఒకటి చాలదా? అడుగుటకు మొగమాటము, ఇచ్చుటకు అనుమానము. వాయిదాలు చెల్లించుటకు మాత్రము ఏదియు అడ్డురాదు.

ఒక చిన్న పట్టణములో ఒక ఉపాధ్యాయ దంపతుల కుమార్తెకు హైదరాబాదులో ఉద్యోగమైనది. ఆమె వెంట పంపవలసిన వంటసామానుకు తండ్రి పట్టిక వ్రాసెను. ఇరువదిరెండు వస్తువులైనవి, చపాతీ యంత్రము ఏడవది, పండ్లరసపు యంత్రము తొమ్మిదవది. తల్లి ఎనిమిదవ తరగతి పరీక్షపత్రములు దిద్దుచుండెను. ఎర్రకలమును క్రింద పెట్టకయే ఆ కాగితము నందుకొని కొట్టివేతలు ఆరంభించెను. మిగిలినవి: మూడు లీటర్ల కుక్కరు, రెండు గిన్నెల మిక్సీ, మందపు మూకుడు, పెనము, కత్తి, రెండు గరిటెలు. కుమార్తె వచ్చి చూచి, మిక్సీకి ఎదురుగా “దీనికి బాగుచేయువాడు అచ్చట దొరకునా?” యని వ్రాసి తండ్రికిచ్చెను. ఆయన ఆ సాయంత్రమే దుకాణమునకు పోయి, యంత్రపు ధర అడుగుటకు ముందు విడిభాగముల సంగతి అడిగెను. దుకాణదారునికి ఆ ప్రశ్న కొత్తగా తోచినది. లోపలికి పోయి, చాలసేపటికి గాని రాలేదు.